మంచం ప్రక్కన మ్రోగే ఫ్రిజ్

నిద్ర పట్టడం లేదని ఆయుర్వేద వైద్యుని వద్దకు వచ్చినవారిని "మీ ఇంట్లో ఫ్రిజ్ ఎన్నేళ్ళ నాటిది? ఏ గదిలో ఉన్నది?" అని అడిగితే వింతగా చూస్తారు. నాడి చూచి, నాలుక చూచి, ఏదో ఒక చూర్ణం వ్రాసి ఇవ్వవలసిన వైద్యునికి ఫ్రిజ్‌తో ఏమి పని అని వారి భావం. అయినప్పటికీ ఈ ప్రశ్న అడగడం నేను మానలేదు. రెండు గదుల ఇండ్లలో కాపురముండే మధ్యతరగతి కుటుంబాల నుండి వచ్చే వృద్ధుల విషయంలో నిద్రలేమికి కారణం వారి శరీరంలో గాక, వారి మంచానికి నాలుగడుగుల దూరంలో ఉన్న పాత యంత్రంలో కనిపించిన సందర్భాలు అనేకం.

మన ఇండ్ల అమరికను ఒక్కసారి జ్ఞప్తికి తెచ్చుకొనండి. వంటగది ఇరుకు. గ్యాసు పొయ్యి, గట్టు, సింకు పోగా అక్కడ మిగిలేది మనిషి నిలబడే చోటు మాత్రమే. కనుక ఫ్రిజ్ హాలులో ఒక మూలకు చేరుతుంది. రాత్రి కాగానే కొడుకు కోడలు ఒక గదిలోకి, పరీక్షలకు చదివే పిల్లలు మరొక గదిలోకి వెళ్ళి తలుపులు వేసుకుంటారు. హాలులోని దివాను మంచం నాయనమ్మకో తాతగారికో మిగులుతుంది. తలుపులు వేసుకున్నవారికి ఆ చప్పుడు వినపడదు. వినపడే మనిషి చెప్పదు. "ఎందుకులే నాయనా, దాని దారిన అది మ్రోగుతుంది, నా దారిన నేను పడుకుంటాను" అంటుంది. ఉదయం మాత్రం తల దిమ్ముగా ఉన్నదనీ, ఆకలి లేదనీ, మలబద్ధమనీ చెబుతుంది. కుమారుడు భక్తితో వైద్యుని వద్దకు తీసుకొని వస్తాడు. ఆ భక్తిలో లోపం లేదు. తల్లి పడుకునే చోట ఒక్క రాత్రి తాను పడుకొని చూడవలెనన్న ఆలోచన మాత్రం రాదు.

ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం అనే మూడింటిని శరీరమనే ఇంటికి ఊతకొయ్యలుగా, త్రయోపస్తంభములుగా, చరకసంహిత సూత్రస్థానం పదకొండవ అధ్యాయం చెప్పినది. ఇరువది ఒకటవ అధ్యాయంలో సుఖదుఃఖాలు, పుష్టి, కార్శ్యం, బలాబలాలు, చివరకు ఆయుర్దాయం కూడ నిద్ర మీద ఆధారపడి ఉన్నవని వివరించినది. ఇవి మన పాఠకులకు క్రొత్త సంగతులు కావు. కాని అదే పదకొండవ అధ్యాయంలో ఇంద్రియాలకు, వాటి విషయాలకు జరిగే తప్పుడు కలయికను గూర్చి చెప్పిన భాగాన్ని మనం అంతగా పట్టించుకోము. చెవికి సంబంధించి, ఉరుము వలె, భేరి వలె మిక్కుటమైన శబ్దం వినడం అతియోగం. బొత్తిగా వినకపోవడం అయోగం. పరుషమైనది, అప్రియమైనది, భయం గొలిపేది వినడం మిథ్యాయోగం. ఫ్రిజ్ చప్పుడు ఉరుము వంటిది కాదు కనుక దానివల్ల హాని లేదనుకుంటాము. అది అతియోగం కాదు, నిజమే. ప్రతి రాత్రి, కోరకుండా, ఆపడానికి వీలులేకుండా చెవిలో పడే అప్రియశబ్దం మిథ్యాయోగమే అవుతుందని నా అభిప్రాయం.

వాతస్థానాలను లెక్కించేటప్పుడు పక్వాశయం, నడుము, తొడలు, ఎముకలు, చర్మంతోపాటు చెవిని కూడ వాగ్భటుడు అష్టాంగహృదయంలో పేర్కొన్నాడు. వయస్సు చివర, పగటి చివర, రాత్రి చివర వాతం బలపడుతుందని కూడ ఆయనే చెప్పాడు. డెబ్బది ఏండ్ల వృద్ధురాలికి తెల్లవారుజామున మూడు గంటలకు, చెవి ప్రక్కనే కంప్రెసర్ గడగడమని మొదలైనదనుకోండి. వయస్సు, వేళ, ఇంద్రియం మూడూ వాతానికి సంబంధించినవే. ఆమెకు మెలకువ వచ్చి మరల నిద్ర రాకపోతే ఆశ్చర్యపడవలసినది లేదు.

ఆధునికుల లెక్క కూడ ఇందుకు దూరంగా లేదు. పడకగదిలో ఎడతెగని శబ్దం 30 డెసిబెల్స్ దాటకుండా ఉండటం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించినది. మన దేశంలో 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాలకు రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు 45 డెసిబెల్స్ హద్దుగా నిర్ణయించాయి. ఈ రెండవది వీధిలోని శబ్దానికి సంబంధించినదే గాని మంచం ప్రక్కన ఉండే యంత్రానికి కాదు. మంచి స్థితిలో ఉన్న ఫ్రిజ్ చేసే చప్పుడే 40 డెసిబెల్స్ దరిదాపుల్లో ఉంటుంది. బోల్టులు వదులై, కాళ్ళు వంకరపోయిన పాతదాని సంగతి చెప్పనక్కరలేదు.

అయితే ఎంత గట్టిగా మ్రోగుతున్నదన్నదానికంటె ఎట్లా మ్రోగుతున్నదన్నది ముఖ్యం. ఎడతెగకుండా ఒకే తీరున సాగే శబ్దానికి చెవి అలవాటు పడుతుంది. ఏటి ఒడ్డున ఉండేవారు హాయిగానే నిద్రపోతారు. ఫ్రిజ్ అట్లా కాదు. టక్కుమని మొదలై, పావుగంటో అరగంటో గుయ్యిమని మ్రోగి, ఒళ్ళు విదిలించుకొన్నట్లు ధడాలున ఆగుతుంది. ఆగినప్పుడు ఒకసారి, మొదలైనప్పుడు ఒకసారి నిద్ర తేలిపోతుంది. పైగా మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది కావటం చేత మోటారు గుయ్యిమనే ధ్వని సెకనుకు 100 కంపనలతో, బొంగురుగా ఉంటుంది. ఇటువంటి మంద్రధ్వని చెవిలో దూది పెట్టుకుంటే ఆగేది కాదు. గోడ ద్వారా, నేల ద్వారా మంచం కోళ్ళకు కూడ ప్రాకుతుంది. ఈ ఫిర్యాదు వేసవిలో కంటె మార్గశిర పుష్య మాసాలలో ఎక్కువ రావడానికి కూడ కారణం ఇదే. వేసవిలో తలపైన ఫ్యాను చప్పుడు దీనిని కప్పివేస్తుంది. చలికాలంలో ఫ్యాను ఆపి, కిటికీలు మూయగానే ఇల్లంతా ఫ్రిజ్‌దే రాజ్యం.

ఇక్కడ నా తోటి వైద్యులతో నాకు చిన్న పేచీ ఉన్నది. నిద్ర లేదనగానే మందు ఇవ్వడం వారికి అలవాటైపోయినది. నిదాన పరివర్జనం, అనగా కారణాన్ని తొలగించడం, చికిత్సలో మొదటి మెట్టని మన గురుకులాలలో మొదటి ఏడాదే నేర్పుతారు. రోగి నాడిని చూడడానికి ముందు రోగి పడక చూచి రమ్మని మా గురువుగారు శిష్యులను పంపేవారు. నేడు ఇంటింటికి వెళ్ళి చూచే తీరిక ఎవరికీ లేదు, నాకూ లేదు. అందుకనే అడుగుతాను. అడగకుండా సర్పగంధ వంటి తీవ్రద్రవ్యాన్ని వృద్ధులకు ఇవ్వడం సాహసం. అది రక్తపోటును దించుతుంది, కొందరిలో మనస్సును క్రుంగదీస్తుంది. వైద్యుని పర్యవేక్షణ లేకుండా తీసుకోదగినది కాదు. ఇంగ్లీషు నిద్రమాత్రల సంగతి కూడ అంతే. మాత్ర మత్తులో అర్ధరాత్రి స్నానాలగదికి లేచి, కాలు తడబడి పడి, తుంటి ఎముక విరిగి మంచాన పడిన వృద్ధులు ప్రతి ఊరిలోను ఉన్నారు. ఒక రబ్బరు ముక్కతో పోయే బాధకు ఇంత ప్రమాదాన్ని కొని తెచ్చుకోవలెనా?

ఫ్రిజ్‌యే విషమనీ, దానిని వీధిలో పారవేయమనీ చెప్పే మిత్రులు కూడ ఉన్నారు. నిలవ అన్నం, చల్లని నీరు అగ్నిని మందగింపజేస్తాయన్న మాట నేనూ ఒప్పుకుంటాను. మూడు రోజుల సాంబారును వేడిచేసుకొని తినే అలవాటు మంచిది కాదు. అయితే ఉద్యోగాలు చేసుకునే దంపతులకు, ఇంట్లో ఇన్సులిన్ వాడే మధుమేహరోగి ఉన్నవారికి, ఎండాకాలంలో పాలు విరిగిపోయే ఊళ్ళలో ఉండేవారికి ఆ ఉపదేశం పనికిరాదు. ఉండవలసిన వస్తువు ఇంట్లో ఉండనివ్వండి, మనిషిని బాధించకుండా ఉండనివ్వండి అన్నదే నా వాదం.

ఇక చేయవలసిన పని. వైద్యుడు రోగిని దర్శన, స్పర్శన, ప్రశ్నములతో పరీక్షిస్తాడు. ఫ్రిజ్‌కు కూడ ఇదే పద్ధతి చక్కగా సరిపోతుంది.

ముందుగా తేల్చుకోవలసినది, ఆ చప్పుడు ఫ్రిజ్‌దా, చెవిదా అన్నది. రాత్రి ఇల్లు సద్దుమణిగిన తరువాత ఫ్యాను, టీవీ, స్టెబిలైజర్‌తో సహా ఫ్రిజ్ స్విచ్చి ఆపి పది నిముషాలు కూర్చోమనండి. చప్పుడు ఆగితే యంత్రానిదే. ఆగకపోతే అది సుశ్రుతుడు ఉత్తరతంత్రంలో కర్ణరోగాలలో చెప్పిన కర్ణనాదం కావచ్చును. చెవిలో గులిమి గట్టిపడినా, వయస్సుతో వినికిడి తగ్గినా, కొన్ని మందుల వలన కూడ ఇది వస్తుంది. ఒక చెవిలోనే మ్రోగుతున్నా, గుండె కొట్టుకునే లయతో మ్రోగుతున్నా, వినికిడి హఠాత్తుగా తగ్గినా ఇంటి వైద్యాలతో కాలం గడపక వెంటనే చెవి వైద్యునికి చూపించవలెను. కర్ణపూరణం మంచి ప్రక్రియయే గాని చీము కారే చెవిలో, కర్ణభేరికి రంధ్రమున్న చెవిలో నూనె పోయరాదు. వెల్లుల్లి వేసి కాచిన నూనెను సలసల కాగుతుండగానే చెవిలో పోయించుకొని బొబ్బలతో వచ్చినవారిని చూచాను గనుక ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

చప్పుడు ఫ్రిజ్‌దేనని తేలినప్పుడు, అది మ్రోగుతుండగా ముందువైపు నుండి దాని నెత్తి మీద, ప్రక్కల మీద అరచేతితో గట్టిగా అదిమి చూడవలెను. ముట్టుకుంటే ఏ మాత్రం జివ్వుమన్నా వెంటనే చేయి తీసి, ప్లగ్గు పీకి, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తు సరిచేయించేవరకు దాని జోలికి పోరాదు. ఇది శబ్దం కంటె ముందు చూడవలసిన సంగతి. అదిమినప్పుడు చప్పుడు తగ్గితే అంతకంటె అదృష్టం లేదు. లోపం యంత్రంలో గాక అమరికలో ఉన్నదన్నమాట.

సగం ఇండ్లలో దోషి ఫ్రిజ్ నెత్తి మీదనే కూర్చొని ఉంటుంది. స్టీలు డబ్బాలు, పూలకుండీ, తాళాల గుత్తి వేసే పళ్ళెం, పాత స్టెబిలైజర్. క్రింద మోటారు అదిరినప్పుడల్లా ఇవన్నీ తాళం వేస్తాయి. స్టెబిలైజర్ అయితే తనంతట తాను కూడ గుయ్యిమంటుంది. వోల్టేజి మారినప్పుడల్లా టక్కు టక్కుమంటుంది. దానిని దించి గోడకు బిగించిన బల్ల మీద పెట్టించి చూడండి. ఫ్రిజ్ లోపల ఒకదానికొకటి తగిలే గాజు సీసాల సంగతి కూడ మరువకండి.

తరువాత కాళ్ళు. నేల ఎగుడుదిగుడుగా ఉంటే ఫ్రిజ్ మూడు కాళ్ళ మీద నిలబడి నాలుగవ కాలితో దరువు వేస్తుంది. ముందు కాళ్ళకు మరలు ఉంటాయి. వాటిని త్రిప్పి ఎత్తు సరిచేయవచ్చును. తాపీమేస్త్రీ వాడే రసమట్టం నెత్తిమీద పెట్టి చూస్తే సరి. తలుపు తనంతట తాను మూసుకొనేందుకు ముందువైపు వెంట్రుకవాసి ఎత్తుగా ఉండటం మంచిది. చక్రాల ప్లాస్టిక్ స్టాండు మీద ఎక్కించిన ఫ్రిజ్ సామాన్యంగా ఎక్కువ అదురుతుంది. దానిని తీసివేసి, నాలుగు కాళ్ళ క్రింద మందపాటి రబ్బరు ముక్కలు వేయవలెను.

వెనుకవైపు పని ప్లగ్గు పీకిన తరువాతనే, కాళ్ళకు చెప్పులు తొడుగుకొనే చేయవలెను. కంప్రెసర్ అప్పటిదాకా నడచి ఉంటే చేయి కాలేటంత వేడిగా ఉంటుంది, కాస్త చల్లారనివ్వాలి. ఫ్రిజ్‌కు, గోడకు మధ్య జానెడు కాకపోయినా నాలుగైదు అంగుళాల సందు ఉండవలెను. గోడకు ఆనించిన ఫ్రిజ్ గోడను కూడ మ్రోగిస్తుంది. రెండు గోడలు కలిసే మూలలో ఇరికించినది మరింత మ్రోగుతుంది. పాత ఒంటి తలుపు ఫ్రిజ్‌లకు వెనుక నల్లని జాలీ ఉంటుంది. లోపలి వేడి బయటకు పోయేది దాని ద్వారానే. ఏండ్ల తరబడి దుమ్ము, వంటింటి జిడ్డు పేరుకొంటే వేడి పోక కంప్రెసర్ అదే పనిగా నడుస్తుంది. మెత్తని కుంచెతో దులిపితే నడిచే సమయం తగ్గుతుంది, చప్పుడూ తగ్గుతుంది, కరెంటు బిల్లూ తగ్గుతుంది. కంప్రెసర్ పైన కరిగిన మంచునీరు చేరే పళ్ళెం ఉంటుంది. అది వదులైతే గలగలమంటుంది. తీసి కడిగి (దోమలు పెరిగే చోటు కూడ అదే) సరిగ్గా కూర్చోబెట్టవలెను. సన్నని రాగి గొట్టాలు ఒకదానికొకటి గాని, డొక్కుకు గాని తగులుతుంటే వాటిని మీరు వంచే ప్రయత్నం చేయకండి, విరిగితే గ్యాసంతా పోతుంది. కంప్రెసర్ కాళ్ళ క్రింద ఉండే నాలుగు రబ్బరు బుష్‌లు కాలక్రమాన రాయి వలె గట్టిపడతాయి. ఈ రెండు పనులూ మెకానిక్ చేత చేయించవలసినవి. పెద్ద ఖర్చు కాదు.

తలుపు రబ్బరు పరీక్ష అందరికీ తెలిసినదే. ఒక కరెన్సీ నోటు మధ్యన పెట్టి తలుపు మూసి లాగండి. సులువుగా జారివస్తే రబ్బరు పట్టు పోయినట్లే. బయటి వేడిగాలి లోపలికి పోతూ ఉంటే మోటారుకు విశ్రాంతి ఉండదు. ఐసు గదిలో మంచు పావు అంగుళం మించి పేరుకున్నా ఇదే ఫలితం. దానిని కత్తితో పొడిచి తీయరాదు.

టక్కుమని, ఒకటి రెండు క్షణాలు గుర్రుమని, మరల టక్కుమని ఆగిపోయి, కొద్ది నిముషాలకు తిరిగి అదే తంతు జరుగుతుంటే అది వేరే వ్యాధి. వోల్టేజి చాలక గాని, రిలే చెడి గాని, కంప్రెసరే బిగుసుకుపోయి గాని అది మొదలు కాలేకపోతున్నది. ఆపివేసి మెకానిక్‌ను పిలవడమే మార్గం. అట్లాగే కరెంటు పోయి వచ్చినప్పుడు అయిదు నిముషాలు ఆగి స్విచ్చి వేస్తే లోపలి ఒత్తిడి సర్దుకొని, అది మూలుగు లేకుండా మొదలవుతుంది.

అన్నిటికంటె తేలికైన చికిత్స గృహిణి చేతిలో ఉన్నది. మన ఇండ్లలో ఫ్రిజ్‌ను నింపేది ఎప్పుడు? రాత్రి భోజనాలు అయి, గిన్నెలు సర్దే తొమ్మిదిన్నర పది గంటల వేళ. ఇంకా పొగలు కక్కుతున్న పప్పు, కాచి దించిన పాలు, రేపటికని నింపిన ఆరు నీళ్ళ సీసాలు, ఇడ్లీ పిండి అన్నీ ఒక్కసారిగా లోపలికి పోతాయి. ఆ వేడినంతా బయటకు తోయడానికి పాపం ఆ ముసలి యంత్రం అర్ధరాత్రి దాకా పరుగు పెడుతుంది. ఇంటి పెద్ద నిద్రకు ఉపక్రమించే వేళ కూడ సరిగ్గా అదే. నీళ్ళ సీసాలు ఉదయం నింపండి. కూరలు గోరువెచ్చనైన తరువాత (చల్లారే పేరుతో రెండు గంటలకు మించి బయట ఉంచరాదు) వెడల్పు గిన్నెలలోకి మార్చి, వీలైతే ఎనిమిది గంటలలోపే పెట్టండి. రాత్రికి సరిపడా వండుకొంటే పెట్టవలసినదే తక్కువ. ఊరగాయలు, పొడులు, బెల్లం, నూనెలు ఫ్రిజ్‌లో ఉంచనక్కరలేదు. త్రాగే నీటికి మట్టికుండను మించినది లేదని నేను ప్రత్యేకంగా చెప్పనక్కరలేదనుకుంటాను.

కొందరు మరీ తెగించి, రాత్రంతా ఫ్రిజ్ ఆపివేసి ఉదయం వేస్తారు. ఇది కూడదు. లోపల 5 డిగ్రీల సెంటీగ్రేడ్‌కు మించకుండా ఉంటేనే పాలు, పెరుగు, వండిన పదార్థాలు క్షేమం. తలుపు తీయకుండా ఉంటే నాలుగు గంటల వరకు చల్లదనం నిలుస్తుంది. పది నుండి అయిదు వరకు ఏడు గంటలాయె. పాత తలుపు రబ్బరుతో అది కూడ నిలవదు. ప్రతి రాత్రి వెచ్చబడి ప్రతి పగలు చల్లబడే అన్నం, పప్పు అతిసారానికి ఆహ్వానం. తెరవని ఇన్సులిన్ సీసాలు 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉండవలసినవి. నిద్ర కోసం ఒకరు స్విచ్చి ఆపితే మరొకరి మందు చెడుతుంది.

ఇంత చేసినా చప్పుడు మిగిలితే, యంత్రాన్ని గాని, మంచాన్ని గాని కదిలించవలెను. హాలు రెండవ చివరకు, భోజనాల బల్ల ప్రక్కకు ఫ్రిజ్ జరిపితే చాలు, శబ్దం తీవ్రత తగ్గుతుంది. మంచం తలవైపు గోడకు ఆనకుండా రెండు అంగుళాలు ఎడంగా ఉంచవలెను. అదీ వీలుకాకపోతే పెద్దావిడను లోపలి గదిలో పడుకోబెట్టి, పిల్లలను హాలులోకి మార్చండి. ఈ మాట చెప్పినప్పుడు చాలామంది తలిదండ్రుల ముఖం మాడుతుంది. పిల్లల చదువు పాడవుతుందని. పదిహేనేండ్ల పిల్లవాడు పడుకున్న అయిదు నిముషాలలో నిద్రపోతాడు, ఫ్రిజ్ మ్రోగినా, పెళ్ళిబాజా మ్రోగినా. డెబ్బది ఏండ్ల ఆమెకు ఒకసారి చెదరిన నిద్ర తిరిగి రాదు.

మరి క్రొత్త ఫ్రిజ్ కొంటే సరిపోదా అని అడగవచ్చును. ఇక్కడ ఒక చిక్కున్నది. తరచుగా ఆ పాత ఫ్రిజ్‌ను వదలడానికి ఒప్పుకోనిది ఆ పెద్దావిడయే. ఒకనాడు మన సనత్‌నగర్‌లో తయారైన ఆల్విన్ ఫ్రిజ్ ఇంటికి రావడమంటే సామాన్యమైన విషయం కాదు. పండుగ బోనసుతోనో, పదవీ విరమణ సొమ్ముతోనో భర్త కొని తెచ్చి, కుంకుమబొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి నిలిపిన వస్తువు. ఆయన పోయారు, అది ఉన్నది. నిద్ర చెడగొడుతున్నది అదేనని ఆమెకు తెలియక కాదు, చెబితే ఎక్కడ తీసివేస్తారోనని చెప్పదు. ఒక ఇంటిలో అత్తగారు ఊరు వెళ్ళినప్పుడు పాత ఫ్రిజ్‌ను మార్పిడి పథకంలో ఇచ్చివేసి క్రొత్తది తెచ్చారు. శబ్దం పోయినది. ఆమె తిరిగి వచ్చి నెల దినాలు సరిగా భోజనం చేయలేదు. అప్పుడు తీసుకొనివచ్చారు నా వద్దకు. దానికి నా పెట్టెలో చూర్ణం లేదు. కనుక ఆమెతో కూర్చొని మాట్లాడి, ఆమె ఒప్పుకున్న తరువాతనే ఏ మార్పయినా చేయవలెనని నా మనవి. ఒప్పుకోకపోతే మంచం మార్చండి, ఫ్రిజ్‌ను ఉండనివ్వండి.

చెదరిన నిద్ర కుదుటపడే వరకు కొన్ని ఉపచారాలు చేయవచ్చును. రాత్రి పడుకొనబోయే ముందు అరికాళ్ళకు గోరువెచ్చని నువ్వులనూనె గాని, ఆవునెయ్యి గాని పావుగంట మర్దన చేసి తుడిచివేయవలెను (జారి పడకుండా నూనె పూర్తిగా తుడవడం ముఖ్యం). ఈ మర్దన కోడలో, మనుమరాలో చేస్తే గుణం రెట్టింపు. నిద్ర పట్టనివారికి గేదెపాలను చరకుడు ప్రత్యేకించి చెప్పాడు. జీర్ణశక్తి ఉన్నవారు చిన్న గ్లాసుడు గోరువెచ్చగా త్రాగవచ్చును. మధుమేహం ఉన్నవారు అందులో చక్కెర, బెల్లం వేసుకోరాదు. జాజికాయ గీచిన గంధం చిటికెడు మించరాదు. చరకసంహిత సూత్రస్థానం ఇరువది ఒకటవ అధ్యాయంలో మనస్సుకు ఇంపైన శబ్దాలు, పరిమళాలు నిద్రను తెస్తాయన్నారు. ఇంపైన శబ్దం ఏదో ఆ ఇంటి పెద్దనే అడగండి, రేడియోలో సన్నగా వచ్చే పాట కావచ్చు, ప్రక్కన మనుమని కబుర్లు కావచ్చు.

మరమ్మతుకు లొంగని ఫ్రిజ్ విషయం కూడ చెప్పి ముగిస్తాను. 150 వాట్ల యంత్రం రోజుకు 12 గంటలు నడిస్తే 1.8 యూనిట్లు, జబ్బుచేసి 20 గంటలు నడిస్తే 3 యూనిట్లు, నెలకు 90 అవుతాయి. క్రొత్త ఫ్రిజ్‌కు అంటించిన నక్షత్రాల చీటీ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో వ్రాసి ఉంటుంది, పోల్చి చూచుకోండి. 1990ల నాటి ఫ్రిజ్‌లలో ఎక్కువ భాగం ఆర్-12 అనే వాయువుతో నడిచినవి. ఓజోను పొరకు చేటు చేస్తున్నందున 1987లో మాంట్రియల్ ఒప్పందం ద్వారా అటువంటి వాయువులను తగ్గించ నిర్ణయించారు. 2010 నాటికి మన దేశంలో ఫ్రిజ్‌లకు సంబంధించినంతవరకు వాటి కాలం ముగిసినది. కావున "గ్యాసు నింపుతాను" అని వచ్చిన మెకానిక్‌ను ఏ గ్యాసు అని తప్పక అడగండి. ఈనాటి ఫ్రిజ్‌లలో వాడే ఆర్-600ఏ మండే స్వభావం కలది. దానికోసం తయారుకాని పాత యంత్రంలో దానిని నింపనీయకండి. ఇచ్చివేయవలసి వస్తే, పగులగొట్టి గ్యాసును గాలిలోకి వదిలే పాత ఇనుము వారికి గాక, 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం నమోదైన వారికి గాని, క్రొత్తది అమ్మే దుకాణం ద్వారా గాని అప్పగించండి. తీసుకొనిపోయేలోగా అది వరండాలోనో మేడమీదనో ఉండవలసి వస్తే, తలుపు ఊడదీసి విడిగా ఉంచండి. దాగుడుమూతలాడే పిల్లలు లోపల దూరితే పాత ఫ్రిజ్ తలుపు లోపలి నుండి తెరుచుకోదు.